అమెరికా కవిత్వపు తొలి ముద్రణల సేకరణ

అమెరికా కవుల గ్రంథాలు మొదటిసారి అచ్చయినప్పటి ప్రతులను, ముఖ్యంగా కవి స్వహస్తంతో సంతకం చేసిన ప్రతులను వెదకి, పరీక్షించి, భద్రపరచే వ్యాసంగాన్ని అమెరికా కవిత్వపు తొలి ముద్రణల సేకరణ అంటారు. వ్యక్తులు, విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు, పాత పుస్తకాల వ్యాపారులు, వేలం సంస్థలు ఇందులో పాలుపంచుకుంటాయి. ఈ రంగంలో అత్యధికంగా పరిశోధన జరిగిన గ్రంథాలలో వాల్ట్ విట్మన్ రచించిన "లీవ్స్ ఆఫ్ గ్రాస్" ఒకటి. ఒక పుస్తకపు ప్రతులను ఎలా గుర్తిస్తారో, వాటికి విలువ ఎందుకు వస్తుందో తెలుసుకోవడానికి అది చక్కని ఉదాహరణ.

తొలి ముద్రణ అంటే

ఒకసారి కూర్చిన అక్షరాలతో అచ్చయిన ప్రతులన్నిటినీ కలిపి ఒక కూర్పుగా లెక్కిస్తారు. చేతితో అక్షరాలు కూర్చే రోజులలో అచ్చు నడుస్తుండగానే తప్పులు దిద్దేవారు. దిద్దకముందు అచ్చయిన కాగితాలను పారవేయక వాటినీ బైండు చేసేవారు. అందువలన ఒకే కూర్పులోని రెండు ప్రతులు అక్షరమక్షరం ఒకటిగా ఉండాలని లేదు. పైగా అచ్చయిన కాగితాలన్నిటినీ ఒకేసారి బైండు చేయించేవారు కారు. అమ్మకాన్ని బట్టి విడతలుగా చేయించేవారు. ఏ ప్రతి ఏ విడతకు చెందినదో తేల్చడమే సేకరణలో ప్రధానమైన పని. ఇందుకు జేకబ్ బ్లాంక్ ప్రారంభించిన "బిబ్లియోగ్రఫీ ఆఫ్ అమెరికన్ లిటరేచర్" (9 సంపుటాలు, 1955-1991) ప్రామాణిక గ్రంథం. విట్మన్ విషయంలో జోయెల్ మయర్సన్ 1993లో ప్రచురించిన వర్ణనాత్మక సూచిని కూడా సంప్రదిస్తారు.

లీవ్స్ ఆఫ్ గ్రాస్, 1855

విట్మన్ (1819-1892) ఈ పుస్తకాన్ని తన సొంత ఖర్చుతో బ్రూక్లిన్‌లోని రోమ్ సోదరుల ముద్రణాలయంలో అచ్చు వేయించాడు. స్వయంగా అచ్చుపని నేర్చినవాడు కావడం వలన కొన్ని పుటలకు అక్షరాలు తానే కూర్చాడు. పెద్ద పరిమాణంలో 95 పుటలు, ఒక పీఠిక, పన్నెండు కవితలు. శీర్షిక పుటపై కవి పేరు లేదు. దానికి ఎదురుగా మాత్రం పనివాడి దుస్తులలో, నడుముపై చేయి వేసి నిలుచున్న కవి చిత్రం ఉంది. ఇది గేబ్రియల్ హారిసన్ తీసిన ఛాయాచిత్రం ఆధారంగా శామ్యూల్ హాలియర్ చెక్కినది. పేరు తెలియాలంటే పాఠకుడు హక్కుల ప్రకటన చూడాలి, లేదా మొదటి కవితలో చాలా దూరం చదవాలి.

మొత్తం 795 ప్రతులు అచ్చయినట్లు బైండింగు లెక్కల వలన తెలుస్తున్నది. వీటిలో 337 ప్రతులు బంగారు పూత ఎక్కువగా గల ఆకుపచ్చ గుడ్డ అట్టతో మొదట వెలువడ్డాయి. తరువాత 1855 డిసెంబరు, 1856 జనవరి ప్రాంతంలో బంగారు పూత తగ్గించి 262 ప్రతులను గుడ్డతో బైండు చేశారు. 46 ప్రతులకు గట్టి అట్టలు, 150 ప్రతులకు కాగితపు అట్టలు వేశారు. కాగితపు అట్టల ప్రతులు చౌకగా తయారైనవి, త్వరగా చిరిగిపోయినవి. కనుక అవి మిక్కిలి అరుదు. మరుసటి సంవత్సరం విట్మన్ స్వయంగా వేయి ప్రతులు అచ్చు వేసి సునాయాసంగా అమ్మానని ప్రకటించుకున్నాడు. తన పుస్తకం గురించి కవి చెప్పిన మాట కన్నా బైండింగు చేసినవాని చిట్టా నమ్మదగినదని సేకరణకర్తలు ఈ ఉదంతాన్ని ఉదాహరిస్తుంటారు.

లోపలి భేదాలు ఇంకా ఆసక్తికరమైనవి. అచ్చు మధ్యలో ఒక కవితా పంక్తిని మార్చారు. కనుక పాత పాఠం, కొత్త పాఠం రెండూ గల ప్రతులు కనిపిస్తాయి. మొదటి కవిత చివర ఉండవలసిన చుక్క చాలా ప్రతులలో లేదు. ఆ కవిత ముగింపు లేకుండా సాగిపోతుందని సూచించడానికే కవి చుక్క పెట్టలేదని కొందరు విమర్శకులు వ్యాఖ్యానించారు. చుక్క గల ప్రతులు బయటపడిన తరువాత తేలింది వేరు: ఆ సీసపు చుక్క వదులై అచ్చు జరుగుతుండగా ఊడిపోయింది. ఒకే ప్రతిని చూసి పాఠాన్ని నిర్ణయించరాదనడానికి ఇంతకన్నా మంచి నిదర్శనం దొరకదు. అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్ ఫోల్సమ్ మిగిలిన ప్రతులకు జనాభా లెక్కల వంటి గణన చేపట్టి, 150కి పైగా ప్రతుల వివరాలు సేకరించాడు.

ఎమర్సన్ లేఖ

విట్మన్ పంపిన ప్రతిని చదివి రాల్ఫ్ వాల్డో ఎమర్సన్ 1855 జూలై 21న ప్రశంసిస్తూ ఉత్తరం వ్రాశాడు. కవి దానిని ఎమర్సన్ అనుమతి లేకుండానే అక్టోబరులో న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రికకు ఇచ్చాడు. అంతటితో ఆగక, 32 కవితలతో వెలువడిన 1856 నాటి రెండవ కూర్పు వెన్నుపై ఆ లేఖలోని మాటలను ఎమర్సన్ పేరుతో సహా బంగారు అక్షరాలతో అచ్చు వేయించాడు. నాటి సాహిత్య మర్యాదను బట్టి ఇది తప్పే. నేడు మాత్రం ఆ వెన్ను చెక్కుచెదరకుండా ఉన్న ప్రతికి గిరాకీ ఎక్కువ.

1860 కూర్పు, దొంగ ముద్రణలు

బోస్టన్‌కు చెందిన థేయర్ అండ్ ఎల్‌డ్రిడ్జ్ సంస్థ 1860లో మూడవ కూర్పు ప్రచురించి, మరుసటి సంవత్సరమే దివాలా తీసింది. ముద్రణ ఫలకాలు చేతులు మారి చివరకు రిచర్డ్ వర్తింగ్‌టన్ అనే ప్రచురణకర్తకు చేరాయి. అతడు కవి అభ్యంతరాన్ని లక్ష్యపెట్టక పాత తేదీతోనే ప్రతులు అచ్చు వేసి అమ్మాడు. అసలు ప్రతులలో హక్కుల పుటపై ఫలకాలు తయారుచేసిన బోస్టన్ కార్ఖానా పేరు, ముద్రాపకుల పేరు ఉంటాయి. దొంగ ప్రతులలో ఆ వాక్యం ఉండదు. ఫలకాలు అవే కాబట్టి కవితల పుటలు చూసి తేడా కనిపెట్టడం కష్టం.

1855 కూర్పుకు తరువాతి కాలంలో యథాతథ ప్రతిరూపాలు వచ్చాయి. వాటిలో థామస్ మోషర్ 1919లో ప్రచురించినది ప్రసిద్ధం. ఇవి మోసం కోసం చేసినవి కావు. అయినా కాగితాన్ని, అట్టను పరిశీలించని కొత్తవారు వీటిని చూసి పొరబడే అవకాశం ఉంది.

సంతకాలు

విట్మన్ సంతకం గల పుస్తకాలు చాలానే ఉన్నాయి. 1876లో అతడు న్యూజెర్సీలోని కామ్డెన్ నుండి తన గ్రంథాలను స్వయంగా సంతకం చేసి అమ్మాడు. అప్పటికే పక్షవాతంతో బాధపడుతున్న కవికి అదే ముఖ్యమైన జీవనాధారం. 1888 నాటి సమగ్ర గ్రంథం 600 ప్రతులు, డెబ్బయ్యవ పుట్టినరోజు సందర్భంగా 1889లో వెలువడిన 300 ప్రతుల కూర్పు కూడా సంతకంతో వచ్చాయి. కాబట్టి కేవలం సంతకం కన్నా, ఎవరికి బహూకరించాడో వ్రాసి ఇచ్చిన ప్రతికి విలువ అధికం.

ఫిలిస్ వీట్లీ సంతకాల కథ వేరు. ఆఫ్రికా నుండి బానిసగా బోస్టన్‌కు తేబడిన ఈ కవయిత్రి పుస్తకం బోస్టన్‌లో వెలుగు చూడలేదు. 1773లో లండన్‌లో అచ్చయింది. అమ్మకపు సొమ్ములో సగం తనకు రావలసి ఉందని, ఇతరులు తిరిగి అచ్చు వేస్తే తనకు నష్టమని ఆమె ఒక లేఖలో వ్రాసింది. కొన్ని ప్రతులపై ఆమె సంతకం ఉంది. దొంగ ముద్రణల నుండి వేరు చేయడానికే అలా చేసిందని పరిశోధకులు భావిస్తున్నారు. అప్పుడప్పుడే స్వేచ్ఛ పొందిన వ్యక్తికి ఆ సంతకం బ్రతుకుతెరువుకు రక్షణ.

ఎమిలీ డికిన్సన్ తొలి సంపుటి ఆమె మరణానంతరం 1890లో వెలువడింది. కాబట్టి ఆమె సంతకం చేసిన కవితా సంపుటి అంటూ ఎవరైనా చూపితే అది తప్పక బూటకం. సంతకాలను అనుకరించేవారు లేకపోలేదు. 1930లలో జోసెఫ్ కోసీ అనే కూటలేఖకుడు ఎడ్గార్ అలన్ పో దస్తూరీని నిపుణులు సైతం మోసపోయేంతగా అనుకరించాడు.

అత్యంత అరుదైన ప్రతులు

పో పద్దెనిమిదేళ్ల వయసులో 1827లో తన పేరు లేకుండా "ఒక బోస్టన్‌వాసి" అని మాత్రమే పేర్కొని ప్రచురించిన "టామర్‌లేన్ అండ్ అదర్ పోయమ్స్" 40 పుటల చిన్న పుస్తకం. పన్నెండు ప్రతులు మాత్రమే మిగిలినట్లు తెలుసు. 2009లో ఒక ప్రతి క్రిస్టీస్ వేలంలో 6,62,500 డాలర్లకు అమ్ముడయింది. రాబర్ట్ ఫ్రాస్ట్ 1894లో "ట్వైలైట్" అనే పుస్తకాన్ని రెండే ప్రతులు అచ్చు వేయించి, ఒకటి తాను ప్రేమించిన ఎలినార్ వైట్‌కు ఇచ్చాడు. ఆమె నుండి ఆశించిన ఆదరణ లభించక తన ప్రతిని నాశనం చేశాడు. తరువాత ఆమెనే వివాహమాడాడు. మిగిలిన ప్రతి వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఉంది. 1640లో మసాచుసెట్స్‌లో అచ్చయిన "బే సామ్ బుక్" ఛందోబద్ధమైన కీర్తనల అనువాదం కనుక దానిని కవిత్వంగా లెక్కించాలా అన్నది వేరే ప్రశ్న. పదకొండు ప్రతులే మిగిలిన ఆ పుస్తకం 2013లో సోత్‌బీస్ వేలంలో కోటీ 41 లక్షల డాలర్లకు పైగా పలికింది.

యాజమాన్య చరిత్ర, భద్రత

పుస్తకం ఎవరెవరి చేతులు మారిందో తెలియకపోతే దొంగసొత్తు కొనే ప్రమాదం ఉంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రత కోసం తరలించిన విట్మన్ సామగ్రిలో పది నోటు పుస్తకాలు మాయమయ్యాయి. 1995లో ఒక కుటుంబం అమ్మకానికి తెచ్చిన వస్తువులలో నాలుగు నోటు పుస్తకాలను, కవి ఛాయాచిత్రంలో వేలిపై కనిపించే అట్టముక్క సీతాకోకచిలుకను సోత్‌బీస్ నిపుణులు గుర్తించగా అవి గ్రంథాలయానికి తిరిగి చేరాయి. మిగిలినవాటి కోసం వెదుకులాట కొనసాగింది.

పాత ప్రతికి కొత్త బైండింగు చేయిస్తే విలువ పడిపోతుంది. మూల అట్ట శిథిలమైనా దానిని అలాగే ఉంచి, ఆమ్లరహితమైన పెట్టెలో భద్రపరచడం నేటి పద్ధతి. అసలు ప్రతులు కొనే స్తోమత లేని విద్యార్థులు వాల్ట్ విట్మన్ ఆర్కైవ్ అంతర్జాలంలో ఉంచిన 1855 కూర్పు పుటల చిత్రాలను ఉచితంగా చూడవచ్చు.