ఏ బావి నీళ్లు?

తలనొప్పి రకాల్లో చాలావాటిని ఎక్స్‌రే పట్టివ్వదు. అంతర్జాతీయ తలనొప్పి సంఘం 1988లో వాటిని వర్గాలుగా విడదీసినప్పుడు ప్రధానంగా రోగి మాటనే నమ్ముకుంది: నొప్పి ఒక పక్కనా, రెండు పక్కలా, ఎన్ని గంటలు, వెలుతురు చూడగలరా? మైగ్రేన్‌కు 4 నుంచి 72 గంటలన్న హద్దు అలాంటి జవాబుల మీదే నిలిచింది. అన్ని నొప్పులకూ ఈ పద్ధతి చాలదని నల్గొండ చరిత్ర చెబుతుంది. మునుగోడు, మర్రిగూడ వైపు పల్లెల్లో మెడ పట్టేయడం, నడుము బిగుసుకోవడం, కీళ్లు లాగడం ఎంత వివరంగా చెప్పుకున్నా మొదట్లో అది కీళ్లవాతంలాగే వినిపిస్తుంది. తేడా తెలిపేవి గారపళ్లు, ముంజేతి రెండెముకల మధ్య పొర గట్టిపడిందని చూపే ఎక్స్‌రే. వాటికన్నా ముందు వేయాల్సిన ప్రశ్న ఒకటుంది: ఏ బావి నీళ్లు తాగుతున్నారు?

మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ జబ్బును ఫ్లోరోసిస్‌గా వివరించిన పరిశోధన 1937లో వచ్చింది. నల్గొండ రోగుల గురించి ఎ.హెచ్. సిద్దిఖీ రాసిన వ్యాసం 1955 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. దాంతో కారణం ఒంట్లోంచి నేలలోకి జరిగింది. గ్రానైటు రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ భూగర్భజలంలో కరుగుతుంది, ఊరంతా దాన్నే తోడుకునేది. పేరు పెడితే నీళ్లొచ్చాయా అని ఎవరైనా నిలదీస్తే, రాలేదు. అదే డిసెంబరులో నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు, కానీ కాలువ కన్నా ఎత్తున ఉన్న మెట్ట పల్లెలకు కృష్ణా నీళ్లు దశాబ్దాలపాటు ఎక్కలేదు. అయినా పేరు వృథా కాలేదు. వాతమని వదిలేస్తే అది ఆ ఇంటి ఖర్మ, నీటి జబ్బంటే ప్రభుత్వం జవాబు చెప్పాలి. 1970లలో నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి రూపొందించి దానికి నల్గొండ పేరే పెట్టింది. జిల్లాకు దక్కిన కీర్తి ఇదీ! పటిక మోతాదు నీటిని బట్టి మారుతుంది, అడుగున పేరుకున్న మడ్డిని పారబోసే చోటు చూడాలి. నదినీటికి అది సాటి కాలేదు.

కారణం దొరికాక ఇంకా వర్గీకరణ ఎందుకన్న అభ్యంతరానికీ జవాబు ఇక్కడే ఉంది. హైదరాబాద్ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లో లాన్సెట్‌లో మరో రూపాన్ని వివరించారు. అంతకుముందు తెలిసినది ఎముక చిక్కబడి వెన్ను బిగుసుకుపోయే జబ్బు. వీళ్లు చూసినవాళ్లలో ఎముక పలచబడింది, మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలాయి. రెండింటినీ ఫ్లోరైడ్ అని ఒకే గాటన కట్టేసి ఉంటే ఆ తేడా ఎందుకని అడిగేవారే ఉండేవారు కాదు. అడిగారు కాబట్టే నీళ్లతోపాటు కంచంలోని జొన్నల మీద, ఒంట్లో రాగి, మాలిబ్డినం పాళ్ల మీద కూడా పరిశోధన మొదలైంది.