దొడ్డి, భవనం, ఖాళీ జాగా: కళ్యాణదుర్గంలో ఇంటి వెనుక కట్టడాల చట్ట చరిత్ర

గృహనిర్మాణ చరిత్ర అనగానే కోట, గుడి, మిద్దె మన దృష్టికి వస్తాయి. ఇంటి వెనుక ఉండే పశువుల కొట్టం, వామి, పాతర, గోడ వారన వేసిన చప్పరం ఆ చరిత్రలో అరుదుగా కనిపిస్తాయి. అయితే వీటి ఉనికిని రెవెన్యూ, పురపాలక చట్టాలు వందేళ్లకు పైగా నిర్ణయిస్తూనే ఉన్నాయి. ఒకే దొడ్డిని ఒక చట్టం హక్కుగాను, మరొకటి అనుమతి కోరవలసిన కట్టడంగాను, ఇంకొకటి ఖాళీగా వదలవలసిన జాగాగాను చూసిన తీరును కళ్యాణదుర్గం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

దొడ్డి అనే మాట

కోస్తాలో పెరడు అనే చోట అనంతపురం సీమలో దొడ్డి అంటారు. పశువులను కట్టే ఆవరణ, ఇంటి వెనుక జాగా అనే రెండర్థాలూ ఈ మాటలో కలిసి ఉన్నాయి. దొడ్డివాకిలి, బందెలదొడ్డి, దొడ్డికి పోవడం వంటి ప్రయోగాలన్నీ ఈ అర్థాల చుట్టూ అల్లుకున్నవే. ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ పీఠభూమిలో దొడ్డి అలంకారం కాదు. వేరుశనగ కాయ దిగుబడి రాని ఏడు కూడా పెరికిన కట్టె పశువుల మేతగా మిగులుతుంది. ఆ కట్టెను వామిగా వేసి దాచుకోవడానికి చోటు ఉన్న రైతు ఎద్దులను అమ్ముకోకుండా మరో వాన వరకు నిలబడగలడు. కాబట్టి కొట్టాన్ని, వామిని ఇంటికి 'అనుబంధం' అనడం ఒక పరాయి చూపు. కరువు సీమలో ఇల్లు వాటి మీద ఆధారపడిందని చెప్పడమే సబబు.

1905: హక్కుగా దొడ్డి

1800లో నిజాము దత్త మండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన తరువాత ఈ ప్రాంతం మద్రాసు రెవెన్యూ పాలనలోకి వచ్చింది. థామస్ మన్రో కలెక్టరుగా ఉన్న కాలంలో రైతువారీ పద్ధతి ఇక్కడ వేళ్లూనుకున్నది. ఆ పద్ధతికి కేంద్రం శిస్తు. సాగు భూమికి కొలతలు, పట్టా, శిస్తు ఏర్పడ్డాయి. శిస్తు లేని నివాస స్థలాన్ని మాత్రం గ్రామకంఠం పేరిట మొత్తంగా గుర్తించి వదిలివేశారు. ఎవరి ఇల్లు ఎంత, ఎవరి దొడ్డి ఎంత అన్నది ఊరి జ్ఞాపకానికే మిగిలింది.

ఈ నేపథ్యంలో 1905 నాటి మద్రాసు భూ ఆక్రమణల చట్టం ప్రత్యేకంగా గమనించదగినది. ప్రభుత్వానికి చెందే భూములేవో నిర్వచిస్తూ ఆ చట్టం, దేవాలయ స్థలాన్ని, సొంతమై ఉన్న ఇంటి స్థలాన్ని, దొడ్డిని ఆ పరిధి నుండి మినహాయించింది. ఇంటితో సమానంగా దొడ్డిని పేర్కొనడం చిన్న విషయం కాదు. ఆక్రమణలను తొలగించడానికి చేసిన చట్టమే దొడ్డి ఆక్రమణ కాదని చెప్పింది. అయితే 'సొంతమై ఉన్న' అనే షరతును పట్టా లేని చోట దేనితో రుజువు చేయాలనే ప్రశ్న మిగిలిపోయింది. అనుభవమే రుజువుగా చాలా కాలం చెల్లింది.

1920: కొట్టం భవనమైన వేళ

పట్టణాల విషయంలో చట్టం వేరే దారి పట్టింది. 1920 నాటి మద్రాసు జిల్లా పురపాలక సంఘాల చట్టం భవనానికి ఇచ్చిన నిర్వచనంలో ఇల్లు, ఇంటికి వెలుపలి కట్టడం, గుర్రపుసాల, మరుగుదొడ్డి, షెడ్డు, గుడిసె అన్నీ చేరాయి. ఇటుక, మట్టి, కొయ్య, లోహం, దేనితో కట్టినా భవనమే. ఎనిమిది అడుగులు మించని ప్రహరీ గోడకు మాత్రం మినహాయింపు ఉంది. గడ్డి, ఆకులు, చాపల వంటి మండే సామగ్రితో పైకప్పు గానీ షెడ్డు గానీ వేయాలంటే రాతపూర్వక అనుమతి కావాలన్నది మరో నిబంధన. అగ్ని భయం నిజమైనదే. బోద కప్పిన కొట్టం పక్కన వామి ఉన్న చోట ఒక్క నిప్పురవ్వ వీధినంతా కాల్చగలదు.

ఇక్కడ భాషకు సంబంధించిన చిక్కు ఒకటి ఉంది. తెలుగులో 'భవనం' అనే మాట గుడిసెను, కొట్టాన్ని ఎన్నడూ సూచించలేదు. అది పెద్ద కట్టడానికి, గౌరవంగా చెప్పే ఇంటికి వాడే మాట. 'భవన నిర్మాణ అనుమతి' అని విన్న రైతుకు తన రేకుల షెడ్డు అందులోకి వస్తుందని తోచకపోవడం సహజం. దీనిని అజ్ఞానంగా లెక్కించడం అన్యాయం. నిర్వచనం చెప్పే అర్థానికీ మాటకు లోకంలో ఉన్న అర్థానికీ మధ్య దూరం పాలనా భాష సృష్టించినదే.

ఊరు పట్టణమైన తరువాత

ఈ పురపాలక నిర్వచనం కళ్యాణదుర్గానికి చాలా కాలం వర్తించలేదు, ఎందుకంటే అది గ్రామ పంచాయతీ. 74వ రాజ్యాంగ సవరణ గ్రామ స్థితి నుండి పట్టణ స్థితికి మారుతున్న ప్రాంతాల కోసం నగర పంచాయతీ అనే కొత్త వర్గాన్ని కల్పించింది. 2014 పురపాలక ఎన్నికల నాటికి కళ్యాణదుర్గం ఆ వర్గంలో ఉంది. అనంతరం పురపాలక సంఘమైంది. నగర పంచాయతీ అయినప్పటి నుండే 1965 నాటి పురపాలక సంఘాల చట్టం ఊరికి వర్తించింది. కొట్టం ఉన్న చోటనే ఉండగా దాని చట్టరూపం మారిపోయింది. పంచాయతీల కోసం 2002లో చేసిన లేఅవుట్, భవన నిబంధనలు అంతకు ముందూ లేకపోలేదు. అయితే వాటి పట్టు పట్టణ నిబంధనలంత గట్టిది కాదు.

2017 మార్చిలో వెలువడిన ఆంధ్రప్రదేశ్ భవన నిబంధనలు మరో అడుగు ముందుకు వేశాయి. స్థల విస్తీర్ణాన్ని, భవనం ఎత్తును, రోడ్డు వెడల్పును బట్టి ఇంటి చుట్టూ వదలవలసిన సెట్‌బ్యాక్‌లను నిర్ణయించాయి. గాలి, వెలుతురు, అగ్నిమాపక సదుపాయం వీటి ప్రయోజనాలు. కాదనలేనివి. కానీ ఇరుకు స్థలంలో సెట్‌బ్యాక్ పోగా పశువును కట్టే చోటు మిగలదు. దొడ్డి నిండుగా ఉండాలని రైతు కోరుతాడు, సెట్‌బ్యాక్ ఖాళీగా ఉండాలని నిబంధన కోరుతుంది. కొలతలో రెండూ ఒకే జాగా.

అనుమతి దరఖాస్తుకు యాజమాన్య పత్రం జతపరచాలి. గ్రామకంఠపు ఇంటికి అసలు లేనిది అదే. ఈ లోటు తీర్చడానికి 2020 ఏప్రిల్‌లో కేంద్రం స్వామిత్వ పథకాన్ని ప్రారంభించింది. హద్దుల వెంట సున్నం గీతలు వేసి, డ్రోన్‌తో చిత్రాలు తీసి, ఆస్తి కార్డులు ఇవ్వడం ఆ పథకం పద్ధతి. అయితే అది ఉద్దేశించినది గ్రామీణ నివాస ప్రాంతాలనే. చుట్టుపక్కల పల్లెల్లో దొడ్డికి కార్డు వచ్చే అవకాశం ఉండగా, పట్టణంగా మారిన కళ్యాణదుర్గం పాత వీధుల్లోని దొడ్డి ఆ పథకం పరిధి వెలుపల పడింది. అనుమతి కోరవలసిన బాధ్యత మాత్రం ఆ దొడ్డికే ఎక్కువ.

డ్రోన్ చిత్రంలో రేకుల కప్పు, రాతి గోడ, సున్నపు గీత స్పష్టంగా కనిపిస్తాయి. వామి ఆ సంవత్సరం వానను బట్టి ఉంటుంది లేదా ఉండదు. పాతర నేల కింద ఉంటుంది. హద్దును నిర్ణయించే వేళ వీటిని దొడ్డి అనుభవానికి సాక్ష్యంగా ఎలా లెక్కించాలన్నది, 1905 నాటి 'సొంతమై ఉన్న' అనే షరతు వదిలిన ప్రశ్నకు కొనసాగింపే.