తరిమెన నుండి టరెట్ దాకా

తిరుగుతున్న వస్తువుకు ఉలి ఆనించి గుండ్రంగా చెక్కడం మనకు కొత్త విద్య కాదు. ఆ పని చేసే సాధనానికి తెలుగులో తరిమెన అనే చక్కని పేరున్నది. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి లక్కబొమ్మలు చేసేవారి చేతిలో ఆ విద్య నేటికీ నిలిచి ఉన్నది. అక్కడ కర్ర తిరుగుతుంది. ఉలి మనిషి చేతిలో ఉంటుంది. కర్రలో ముడి తగిలితే ఆ అదురు ముందుగా మణికట్టుకు తెలుస్తుంది. చేయి తనంతట తానే వెనుకకు తగ్గుతుంది. చేతికీ, కంటికీ, ఉలికీ మధ్య ఎడం లేదు.

గడచిన రెండు శతాబ్దాలలో యంత్రవిద్య ఈ ఎడాన్ని పెంచుకుంటూ వచ్చింది. ఎడం పెరిగినకొద్దీ పని వేగమయింది, కొలత నిక్కచ్చి అయింది. ప్రమాదం మాత్రం తొలగిపోలేదు. తన చోటు మార్చుకున్నది. లేత్ యంత్రానికి ఉండే టరెట్ చరిత్ర చూస్తే ఈ సంగతి స్పష్టంగా తెలుస్తుంది.

చిలకలూరిపేట వంటి ఊరిలో లేతు మిషనును పరిచయం చేయనక్కరలేదు. పత్తి వ్యాపారం, నూలు మిల్లులు, పెద్ద రహదారి మీద లారీల రాకపోకలు ఉన్న ఊరు అది. మిల్లులో ఇరుసు అరిగినా, లారీలో పిన్ను అరిగినా చివరకు చేరేది లేత్ షాపుకే. పాతరకం లేత్ మీద టర్నరు ఒక చేత్తో చక్రం తిప్పుతూ, చెవితో శబ్దం వింటూ, ఇనుప రజను రంగు చూస్తూ పని చేస్తాడు. కంప్యూటరు నడిపే కొత్త లేత్‌లో ఆ చక్రం తిప్పే చేయి లేదు. వస్తువును పట్టి తిప్పే చక్ ఎదుట ఎనిమిదో పన్నెండో టూళ్ళను మోసే మరొక చక్రం ఉంటుంది. దాని పేరే టరెట్.

టరెట్ అంటే చిన్న బురుజు. పేటకు సమీపంలోని కొండవీటి కోటను చూచినవారికి ఈ పేరు సులభంగా బోధపడుతుంది. బురుజు చుట్టూ ఫిరంగులు మోహరించినట్లు ఈ చక్రం చుట్టూ టూళ్ళు మోహరించి ఉంటాయి. కోటలో బురుజు కదలదు. ఇక్కడ బురుజే తిరిగి, కావలసిన టూలును ముందుకు తెస్తుంది.

ఈ పరిణామంలో మొదటి అడుగు 1800 ప్రాంతంలో పడింది. లండనులో హెన్రీ మాడ్‌స్లే టూలును మనిషి చేతి నుండి తప్పించి, జారుడు పీట మీద బిగించే లేత్‌ను కట్టుదిట్టంగా నిర్మించాడు. ఉలి పట్టే బలం యంత్రానిదయింది. నడిపే తెలివి మనిషిలోనే ఉన్నది. తరువాత 1845లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో స్టీఫెన్ ఫిచ్ ఒక లేత్‌కు తిరిగే టరెట్‌ను అమర్చాడు. సైన్యానికి పిస్తోలు పేల్చే యంత్రాంగాన్ని పెద్దసంఖ్యలో తయారు చేయవలసి రావడమే అందుకు కారణం. ఒక్కొక్క టూలును విప్పి మరొకటి బిగిస్తూ కూర్చుంటే అంత పని సాగదు. అన్ని టూళ్ళనూ ముందే బిగించి ఉంచితే, తరువాత తిప్పుకోవడమే పని. 1862లో తిరిగే ఫిరంగి బురుజుతో మానిటర్ అనే యుద్ధనౌక ప్రసిద్ధికెక్కిన తరువాత, కొందరు ఈ యంత్రాన్ని మానిటర్ లేత్ అని కూడా పిలిచారు.

1873లో క్రిస్టఫర్ స్పెన్సర్ ఇంకొక అడుగు ముందుకు వేశాడు. ఒక డ్రమ్ము మీద ఇనుప పట్టీలు బిగించి, అది తిరుగుతున్నకొద్దీ టూళ్ళు తమంతట తామే ముందుకు వెళ్ళి వచ్చేటట్లు చేశాడు. ఆ డ్రమ్మును ‘మెదడు చక్రం’ అని పిలిచేవారు. పేరులోనే చరిత్ర ఉన్నది: చేయి తరువాత ఇప్పుడు తెలివి కూడా యంత్రంలోకి పోయింది. పట్టీని సరిగా బిగించకపోతే యంత్రం ఆ తప్పునే ప్రతి వస్తువు మీదా చేస్తుంది. పని జరిగేటప్పుడు జారే చేయి వల్ల కాక, ముందురోజు బిగించిన మర వల్ల ప్రమాదం రావడం అప్పటినుండి మొదలయింది.

అంకెలు యంత్రాన్ని నడపడం రెండవ ప్రపంచ యుద్ధం తరువాతి మాట. హెలికాప్టరు రెక్కల తయారీలో నిమగ్నుడైన జాన్ పార్సన్స్ అనే అమెరికను, వంపు రేఖలను అంకెలుగా మార్చి యంత్రానికి అందించాలని తలపెట్టాడు. 1949లో అమెరికా వైమానిక దళం అందుకు ధనసహాయం చేసింది. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థవారు 1952 సెప్టెంబరులో అట్టి యంత్రాన్ని ప్రదర్శించారు. అది లేత్ కాదు, మిల్లింగు యంత్రం. దానిని నడిపిన పెట్టెలో వందలకొద్దీ వాల్వులు ఉండేవి. పాత రేడియో సెట్టు వెనుక ఎర్రగా వెలిగే నాలుగైదు వాల్వులను చూచిన పెద్దలు ఆ పెట్టె పరిమాణం ఊహించుకోవచ్చును. యంత్రానికి ఆజ్ఞలు కాగితపు టేపు మీద రంధ్రాల రూపంలో అందేవి.

మన దేశంలో హైదరాబాదు ప్రాంతాన ప్రాగా టూల్స్ 1943లోనే ఏర్పడింది. ఆంధ్ర రాష్ట్రం అవతరించిన 1953లోనే బెంగళూరులో హిందూస్థాన్ మెషిన్ టూల్స్ స్థాపితమయింది. 1968లో హైదరాబాదులో నెలకొన్న కేంద్రీయ టూల్ డిజైన్ సంస్థలో ఎందరో యువకులు ఈ విద్య నేర్చుకున్నారు. వాల్వుల స్థానంలో ట్రాన్సిస్టర్లు, వాటి వెనుక చిన్న కంప్యూటర్లు వచ్చిన తరువాత ఈ యంత్రం పెద్ద కర్మాగారాల గోడలు దాటి, అప్పు చేసి కొనుక్కునే చిన్న షాపులకు కూడా చేరింది.

ఆ కాగితపు టేపు నేడు కనబడదు గాని, దాని అలవాటు ఒకటి మిగిలింది. ఆనాటి యంత్రానికి దశాంశ బిందువు తెలియదు. ఎన్ని చిన్న అడుగులు వేయాలో మాత్రమే తెలుసును. నేటికీ అనేక కంట్రోళ్ళలో 50 అని రాసి పక్కన చుక్క పెడితే 50 మిల్లీమీటర్లు. చుక్క మరచిపోతే 50 అతిచిన్న అడుగులు, అనగా 0.05 మిల్లీమీటరు. 50 మిల్లీమీటర్ల వ్యాసం దగ్గర ఆగవలసిన టూలు, ఆ ఒక్క చుక్క లేనందువల్ల తిరుగుతున్న ఇనుము నడిబొడ్డుకే దూసుకుపోతుంది.

దానిని చూచి ఆపవచ్చును గదా అని అడగవచ్చును. లెక్క చూద్దాం. టరెట్ ఖాళీగా కదిలేటప్పుడు నిమిషానికి 24 మీటర్ల వేగం ఈ యంత్రాలకు సామాన్యం. అనగా సెకనుకు 400 మిల్లీమీటర్లు. కన్ను చూచి, చేయి మీట నొక్కడానికి పావు సెకను పట్టినా, ఈలోగా టరెట్ 100 మిల్లీమీటర్లు ముందుకు వెళ్ళిపోతుంది. తరిమెన దగ్గర మణికట్టు చేసిన కాపలా ఇక్కడ చేయలేదు.

చుక్క ఒక్కటే కాదు. టూలు పొడవును తప్పుగా కొలిచి ఎక్కించడం. నాలుగవ గడిలో ఉండవలసిన టూలును అయిదవ గడిలో బిగించడం. చక్‌కు మరీ దగ్గరగా ఉండగానే టరెట్‌ను తిప్పడం ఒకటి. పనిచేసే టూలు దూరంగానే ఉన్నా, పక్కగడిలోని పొడవాటి బోరింగు బారు చక్ దవడలకు తగులుతుంది. కరెంటు పోయి వచ్చిన తరువాత ప్రోగ్రామును నడిమధ్య నుండి మొదలుపెట్టడం మరొకటి: ఏ టూలు ముందున్నదో, టరెట్ ఎక్కడ ఉన్నదో చూడకుండా మీట నొక్కితే, యంత్రం తనకు చెప్పిన మాటను నమ్మి కదులుతుంది.

టరెట్ లోపల ఎదురెదురుగా పండ్లున్న పళ్ళాలు ఉంటాయి. తిరగడం పూర్తికాగానే ఆ పండ్లు ఒకదానిలో ఒకటి కూర్చుని టరెట్‌ను బిగించి నిలుపుతాయి. టరెట్ బిగుసుకోక అలారం వస్తే దోషం చాలాసార్లు చిన్నదే: పండ్ల మధ్య రజను చేరి ఉండవచ్చును, హైడ్రాలిక్ నూనె ఒత్తిడి తగ్గి ఉండవచ్చును, బిగిసిందని చెప్పే సెన్సారు తడిసి ఉండవచ్చును. కొన్ని యంత్రాలలో స్థానాన్ని గుర్తుంచుకునే బ్యాటరీ అయిపోతే టరెట్ తన అంకెలనే మరచిపోతుంది. అలారం రాకుండా సెన్సారు తీగను కలిపివేయడం మాత్రం వైద్యం కాదు. జ్వరం చూపిన థర్మామీటరును పగలగొట్టడం వంటిది. కరెంటు, నూనె ఒత్తిడి పూర్తిగా తీసివేయకుండా టరెట్ మధ్య చేయి పెట్టడం ప్రాణాంతకం.

గుద్దుకున్న తరువాత టరెట్ పైకి బాగానే కనిపించవచ్చును. అయితే లోపలి పిన్ను వంగి, మిల్లీమీటరులో పదోవంతు పక్కకు జరిగి ఉంటుంది. అప్పుడు బోరు వాలుగా తెగుతుంది, డ్రిల్లు పక్కకు లాగుతుంది. తెలిసినవాడు ముందు డయల్ గేజిని టరెట్ ముఖం మీద నడిపించి చూస్తాడు. తరువాత టూలు రంధ్రం, స్పిండిల్ కేంద్రంతో ఒకే గీతలో ఉన్నదో లేదో చూస్తాడు. బోల్టులు సడలించి, మెల్లగా సరిచేసి, మళ్ళీ బిగించి, మళ్ళీ కొలుస్తాడు. చక్‌నూ, తలుపుకున్న పారదర్శకపు పలకనూ పరీక్షించక వదలడు. సంవత్సరాల తరబడి కూలెంటు తగిలిన ఆ పలక బలహీనపడి, ఎగిరివచ్చే ఇనుపముక్కను ఆపలేకపోవచ్చును.

ఇంత జాగ్రత్తకూ అడ్డం వచ్చేది యంత్రం కాదు, భయం. నష్టాన్ని కూలిలో కోసుకుంటారని భయపడిన కుర్రవాడు చిన్న గుద్దును దాచిపెడతాడు. సాయంకాలం మరొకడు ఏమీ తెలియక అదే టరెట్ ముందు నిలబడతాడు. యజమానికి బ్యాంకు వాయిదా ముఖ్యమే. కాని జరిగినదాన్ని జరిగినట్లు పుస్తకంలో రాసేవాడికి ఆ షాపులో మాట పడని హామీ ఉంటే, రెండవ ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

మాడ్‌స్లే ఉలిని చేతి నుండి తీసుకున్నాడు, స్పెన్సర్ వరుసను తీసుకున్నాడు, కాగితపు టేపు కొలతను తీసుకున్నది. కాని యంత్రం అంకెను నడిపిస్తుందేగాని ఆ అంక సబబో కాదో తూచి చూడదు. ఆ తూకం నేటికీ టర్నరుదే. అందుచేతనే అనుభవజ్ఞులు కొత్త ప్రోగ్రాముతో మొదటి వస్తువును కోసేటప్పుడు వేగాన్ని బాగా తగ్గించి, ఒక్కొక్క ఆజ్ఞనే విడివిడిగా నడిపించి, ఒక చేతిని ఆపే మీట మీదనే ఉంచుతారు. ఆ పది నిమిషాల నిదానాన్ని సోమరితనంగా లెక్కించని షాపులో యంత్రమూ మన్నుతుంది, చేతులూ మిగులుతాయి.