మనోవర్తి బకాయి, రాజీ సొమ్ము

1576వ సంవత్సరమున, ఎలిజబెత్తు రాణి పరిపాలనలో, ఇంగ్లండు పార్లమెంటు చేసిన యొక శాసనము ననుసరించి, వివాహబంధమునకు వెలుపల జన్మించి పారిష్‌పై, అనగా చర్చి పరిధిలోని గ్రామసమాజముపై, భారముగా పడిన శిశువు నిమిత్తము వారమువారము సొమ్ము చెల్లింపవలసినదని దాని తల్లిని గాని తండ్రిని గాని ఆజ్ఞాపించు నధికారము న్యాయాధికారులకు లభించెను. ఇది శిశురక్షణకై పుట్టిన శాసనమని తలచుట సులభమే గాని, గ్రామకోశ రక్షణకై పుట్టినదనుట సత్యము. ప్రసవవేదన పడుచున్న అవివాహితను మంత్రసాని తండ్రి పేరు చెప్పుమని నిలదీయుట ఆనాటి వాడుక. ఆ యాతనలో వెలువడిన పేరు అబద్ధము కానేరదని వారి నమ్మకము. పేరు తెలిసిన పిదప పారిష్ అధికారులు ఆ పురుషుని రప్పించి, బిడ్డ ఖర్చు గ్రామముపై పడనీయనని జామీనుదారులతో సహా పత్రము వ్రాయించుకొనెడివారు. ఆ పత్రము గ్రామమునకు కలుగబోవు నష్టమునకు హామీయే గాని, బిడ్డ క్షేమమునకు హామీ గాదు. అట్టి తల్లి తానై మేజిస్ట్రేటుల యెదుట దావా తెచ్చుకొను హక్కు 1844లో గాని రాలేదు. అప్పుడైనను, ప్రసవానంతరము మొదటి ఆరు వారములు దాటిన పిదప, వారమునకు రెండున్నర షిల్లింగులకు మించి ఇప్పించుటకు వీలులేకపోయెను.

మన దేశమునకు ఈ విత్తనమే వచ్చినది. క్రిమినల్ ప్రొసీజరు స్మృతిలో మనోవర్తి ప్రకరణమును గూర్చి దాని రూపకర్తలలో నొకడైన జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్, అది దేశదిమ్మరితనమును, కనీసము దాని ఫలితములనైన, అరికట్టు ఉపాయమని అభిప్రాయపడెను. భార్యాబిడ్డల ఆకలి నేరవిచారణ స్మృతిలో ఎట్లు చేరెనని విస్తుపోవువారికి ఇదియే సమాధానము. నెలకు ఇంతకు మించి ఇప్పింపరాదన్న హద్దు 2001వ సంవత్సరము దాక మన స్మృతిని వదలలేదు.

అమెరికాలో ఈ చరిత్ర మరింత స్పష్టముగా కానవచ్చును. తండ్రులు విడిచిపోయిన కుటుంబములకు ప్రభుత్వమిచ్చు సహాయధనము ఏటేట పెరుగుచుండగా, ఆ వ్యయమును తండ్రులనుండియే రాబట్టవలెనని సెనేటు ఆర్థిక సంఘాధ్యక్షుడగు రసెల్ లాంగ్ పట్టుపట్టెను. 1975 జనవరి 4న అధ్యక్షుడు ఫోర్డు సంతకముతో మనోవర్తి వసూలు జాతీయ వ్యవస్థ యేర్పడినది. సహాయము పొందు తల్లి తన హక్కును రాష్ట్రమునకు వ్రాసి యియ్యవలెను; వసూలైన సొమ్ములో అత్యధిక భాగము ఖజానాకే పోయెడిది. నెలకు మొదటి యేబది డాలర్లయినను కుటుంబమునకు విడువవలెనను నియమము 1984లో గాని రాలేదు. నాలుగు శతాబ్దములు గడచినను పారిష్ లెక్కల పుస్తకమే తెరచియున్నదనిన తప్పు లేదు.

ఉద్యోగస్థుని జీతమును నెలనెల కత్తిరించుట కష్టము గాదు. సొంత వ్యాపారము పేర ఆదాయమును దాచువాడు, చేతి సొమ్ముకు కూలి చేయువాడు, ఏ మోటారు ప్రమాదములోనో గాయపడి పని మానుకొని నష్టపరిహారపు దావా వేసి కూర్చున్నవాడు, వీరి యెదుట ఆ కత్తెర పని చేయదు. కడపటివానికి ఒకనాడు భీమా కంపెనీనుండి పెద్ద మొత్తము రానున్నది. అది చేతబడిన మరునాడు దాని జాడ దొరకుట దుర్లభము. కావున చట్టము ఆ సొమ్మును దారిలోనే ఆపుటకు సంకల్పించెను. న్యూజెర్సీ సెనేటరు బ్రాడ్లీ పేర ప్రసిద్ధమైన 1986 నాటి సవరణ వలన, చెల్లించని ప్రతి వాయిదాయు గడువు దాటిన క్షణముననే కోర్టు తీర్పుతో సమానమయ్యెను. దానిని వెనుకకు పోయి తగ్గించు అధికారము ఏ న్యాయమూర్తికిని లేకపోయెను. 1996 నాటి సంక్షేమ చట్టము, బకాయిదారుని ఆస్తిపై లీన్ అను హక్కు తనంత తానే ఏర్పడునట్లును, తీర్పు సొమ్మును రాజీ సొమ్మును వసూలు శాఖ పట్టుకొనగలుగునట్లును ఏర్పాటు చేయుమని రాష్ట్రముల నాదేశించెను.

న్యూజెర్సీలో ఆ తంతు ఇట్లు జరుగును. రాజీ కుదిరి భీమా కంపెనీ చెక్కు వకీలు ఖాతాకు చేరిన వెంటనే కక్షిదారునకు సొమ్ము చేతికియ్యరాదు. వకీలు ఫీజును, కోర్టు ఖర్చులను, వైద్యులకు తీర్చవలసిన బాకీలను మినహాయించగా మిగిలినది రెండువేల డాలర్లకు మించినచో, కక్షిదారునిపై మనోవర్తి తీర్పు కలదేమో ముందుగా శోధింపవలెను. ఉన్నచో బకాయి మొత్తమును తెలిసికొని ఆ శాఖకు చెల్లించి, మిగిలినదే కక్షిదారున కియ్యవలెను. నెలల తరబడి ఆసుపత్రిలో పడియున్నవానికి ఇది క్రూరముగా తోచవచ్చును, నిజమే. అయితే అతడు గాయపడిన నాడే మనోవర్తి తగ్గింపుమని అర్జీ పెట్టుకొనియుండవలెను, ఏలయన అర్జీకి ముందటి బకాయి తగ్గదు.

మన 1908 నాటి సివిల్ ప్రొసీజరు స్మృతి ఈ విషయమున వేరు మార్గము త్రొక్కినది. నష్టపరిహారమునకై దావా వేయు హక్కు మాత్రమే యున్నచో, దానిని అరువదవ సెక్షను జప్తుకు లొంగనీయదు. హక్కు డిక్రీగా మారిన పిదపనే జప్తు. జీతము విషయమున మాత్రము మనోవర్తి డిక్రీకి పెద్దపీట వేసి, మూడవ వంతు వదలి మిగిలినది జప్తు చేయనిచ్చుచున్నది. డిక్రీ పుట్టుటకు ముందే కోర్టు వెలుపల రాజీపడి సొమ్ము చేతులు మారినచో, తల్లికి మిగులునది వెదకులాటయే. ఈ లోపమును సవరించుకొనుట మన శాసనకర్తలకు అంత కష్టమైన పని గాదు.

అమెరికాలో కాపురములు చెడి బిడ్డలతో మిగిలిన మన తెలుగు తల్లులు ఒక్కటి గమనింపవలెను. ఎంత కట్టుదిట్టమైన శోధనయైనను నమోదైన బకాయినే పట్టగలదు. ఇరువురును మాట్లాడుకొని చేతికి చేయి ఇచ్చిపుచ్చుకొను ఏర్పాటులో మిగిలిపోయిన బాకీ ఆ జాబితాలో కానరాదు. కావున, పెద్దమనుషుల మాటపై విడిచిపెట్టక, ఆజ్ఞను కోర్టునుండి పొంది, చెల్లింపులు రాష్ట్ర వసూలు శాఖ ద్వారానే జరుగునట్లు మొదటి నెలనుండియే వ్రాయించుకొనుడు.