పదిమందికి ఒక్క పాటలపెట్టె

ఒక గదిలో పదిమంది కూర్చుండియుండగా, పాట వినిపించు యంత్రము ఒక్కటే యున్నచో, తరువాతి పాట ఎవరి కోరికపై మ్రోగవలెను? ప్రశ్న చిన్నదే. కాని రేడియో గల ప్రతి యింటను ఇది ఏనాడో ఒకనాడు లేచినదే. తాతగారు కీర్తనకై, పిల్లలు సినిమాపాటకై, ఇంటి యజమాని వార్తలకై చెవి యొగ్గియుండ, మీట ఎవరి చేత నున్నదో వారిదే గెలుపు. పంచాయతీ రేడియోల కాలమున ఊరి కంతటికి ఒక్కటే లౌడుస్పీకరు. ఆ పెట్టె యున్న గది తాళపుచెవి ఎవరి యొద్ద నుండెనో వారి అభిరుచియే ఊరి అభిరుచి.

రేడియోవారు ఈ తగవును కార్డుముక్కతో తీర్చిరి. శ్రోతలు కోరికలు వ్రాసి పంపుట, నిలయమువారు పేర్లు చదివి పాట వేయుట మన కందరకు తెలిసినదే. 1952లో మంత్రి కేస్కరుగారి హయాములో ఆకాశవాణి సినిమాపాటలను దూరముగా నుంచినప్పుడు శ్రోతలు సిలోను రేడియోకు మరలిరి. 1957 అక్టోబరు 3న వివిధభారతి ఆరంభమైన తరువాత వారు మరల ఇంటికి వచ్చిరి. బీహారు ప్రాంతమున (నేడది ఝార్ఖండు) ఝుమ్రీతలయ్యా యను చిన్న పట్టణము కేవలము పాటల కోరికల ఉత్తరములవలననే దేశమంతట పేరు పొందినది. అయినను కార్డు వ్రాసి వారాలు వేచియుండుట ఓపికగలవారి మార్గము. అమెరికావారికి అంత ఓపిక లేకపోయెను. వారు నాణెమును నమ్ముకొనిరి.

1889 నవంబరు 23న శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున పాలే రాయల్ అను మద్యశాలలో లూయీ గ్లాస్ అను నతడు ఎడిసన్ ఫోనోగ్రాఫు నొకదానిని టేకువంటి గట్టిచెక్క పెట్టెలో నమర్చి పెట్టెను. అందుండి నాలుగు గొట్టములు వెలుపలికి వచ్చుచుండెను. వైద్యుడు గుండె పరీక్షించు సాధనమువలె వానిని చెవుల కానించుకొనవలెను. ఐదు సెంట్ల నికెలు నాణెము వేసిన వానికి మాత్రమే తన గొట్టమున పాట వినవచ్చును. ఒకరు విన్న పిమ్మట గొట్టపు కొనలు తుడుచుకొనుటకు తువ్వాలు కూడ నుంచిరట! మైనపు స్తూపము ఒక్కటే గనుక ఏరుకొనుటకు ఏమియు లేదు; ఉన్న పాటనే వినవలెను. అయినను ఆ పెట్టె ఆరు నెలలు తిరుగకుండగనే వేయి డాలర్లకు మించి సంపాదించెను.

ఇచట గమనింపదగిన సంగతి యొకటి కలదు. ఈ మొదటి యంత్రమున తగవే లేదు. యంత్రము అందరిది, వినికిడి ఎవరిది వారిది. డబ్బిచ్చినవాడు వినును, ఈయనివాడు వినడు. తగవు పుట్టుటకు మరి ముప్పదియెనిమిదేండ్లు పట్టినది.

ఈ నడుమ 1906లో షికాగోవాసి జాన్ గేబెల్ ఒక యంత్రమును నిర్మించెను. ఇరువదినాలుగు రికార్డులలో నచ్చినదానిని శ్రోతయే ఎన్నుకొనవచ్చును. ప్రతి పాటకు కొత్త ముల్లు తనంతట తానే మారును. కాని శక్తి యంతయు చేతితో త్రిప్పు మీటది, ధ్వని యంతయు పెద్ద బాకాది. జనసమ్మర్దముగల హోటలులో అది ఎంతదూరము వినబడును? వాల్వు రేడియోలును, 1925లో విద్యుత్తుతో రికార్డు చేయు పద్ధతియు వచ్చినపిమ్మట ఈ కొరత తీరినది. 1927లో ఆటోమాటిక్ మ్యూజికల్ ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీవారు విద్యుత్తుతో ధ్వనిని పెంచు యంత్రమును వెలువరించిరి. అప్పటినుండి ఒకడు నాణెము వేసిన గదిలోని వారందరు వినవలసినదే. కోరినవాడు ఒకడు, వినువారు నలువదిమంది! అసలు జ్యూక్‌బాక్సు పుట్టినది ఆనాడే యని నా యభిప్రాయము.

ఆ పేరు మాత్రము తరువాత వచ్చినది. అమెరికా దక్షిణ రాష్ట్రములలో నీగ్రో కూలీలు పనిదినము ముగిసినపిమ్మట త్రాగి ఆడి పాడుకొను పాకలను జ్యూక్ జాయింట్లు అనెడివారు. నల్లవారి గల్లా భాషలో అల్లరి, కట్టుబాటు లేమి అను నర్థము గల మాటనుండి అది వచ్చినదని పండితులు చెప్పుదురు. తయారీదారులకు ఆ పేరు రుచింపలేదు; ‘ఆటోమాటిక్ ఫోనోగ్రాఫు’ అని గౌరవముగా పిలువవలెనని వారి కోరిక. జనులు వినలేదు. 1940 నాటికి జ్యూక్‌బాక్సు అను మాటయే స్థిరపడినది. ఈ పెట్టెలను వుర్లిట్జరు కంపెనీ పక్షమున ఊరూర అమ్మించిన హోమర్ కేప్‌హార్టు తరువాత ఇండియానా రాష్ట్రమునుండి సెనేటరైనాడు. 1946లో అదే కంపెనీ వెలువరించిన 1015 సంఖ్యగల నమూనా, రంగుదీపములతో, నీటిబుడగలు పైకి ప్రాకు గాజుగొట్టములతో, ఏబదియారు వేలకు పైగా అమ్ముడుపోయెను. 1948లో సీబర్గు కంపెనీ నూరు పాటల పెట్టెను తెచ్చినది.

డబ్బు ఇంతగా రాలుచుండగా పాడినవానికేమి ముట్టినది? ఇచటనే కథలో ముల్లున్నది. 1909నాటి అమెరికా కాపీరైటు చట్టము నాణెపు యంత్రములపై పాట వినిపించుటకు రచయితకు రుసుము చెల్లింప నక్కరలేదని మినహాయింపు నిచ్చెను. ఆనాటి చిన్న యంత్రముల నుద్దేశించి వ్రాసిన ఆ వాక్యము లక్షల పెట్టెలకు కవచమైనది. ఆ మినహాయింపును తొలగించుటకు 1976నాటి చట్టము రావలసివచ్చెను. 1978నుండి పెట్టె యొక్కింటికి ఏటా ఎనిమిది డాలర్లు కట్టవలెనని నిర్ణయించిరి. వాద్యకారుల గోడు వేరు. మద్యశాలలో ఒకప్పుడు పియానో వాయించినవాని పొట్టను ఈ పెట్టె కొట్టినది. వారి సంఘాధ్యక్షుడు జేమ్స్ పెట్రిల్లో 1942 ఆగస్టు 1నుండి రికార్డింగులనే నిలిపివేయించెను. డెక్కా కంపెనీ మరుసటి యేడు లొంగినది. కొలంబియా, విక్టరు కంపెనీలు 1944 నవంబరు వరకు పట్టు విడువలేదు. చివరకు రికార్డుకు ఇంతయని సంఘము నిధికి చెల్లించుటకును, ఆ ధనముతో వాద్యకారులచే ఉచిత కచేరీలు చేయించుటకును ఒప్పుదల కుదిరినది.

వినువారి గోడు వినుటకు మాత్రము చట్టము లేదు. పరుని నాణెము మన చెవిపై దండయాత్ర చేయుచుండగా ఏమి చేయవలెను? 1953లో కొలంబియా వారు దానికి చక్కని మందు నొకటి అమ్మిరి. అది మూడు నిమిషముల నిశ్శబ్దము గల రికార్డు! నాణెము వేసి ఆ మీట నొక్కినచో మూడు నిమిషములు ఎవరి పాటయు మ్రోగదు. మౌనమును కూడ వెల పెట్టి కొనవలసిన కాలము వచ్చినదని నవ్వుకొనవచ్చును గాని, ఆ మీట నొక్కినవాని బాధ నవ్వదగినది కాదు.

పెట్టెకు దూరముగా నుండియే ఆజ్ఞ ఇచ్చు విధానమును ఇక చూతము. సీబర్గువారు 1949 ప్రాంతమున హోటలులోని ప్రతి బల్లయొద్ద గోడకు చిన్న పేటిక నమర్చిరి. అందు పాటల పట్టికయు, నాణెపు కంతయు, అక్షరపు మీటలు, అంకె మీటలు నుండును. అక్షరము నొకటి, అంకె నొకటి నొక్కినంతనే లోపలి చేయి యొకటి తిరిగి, తీగవెంట విద్యుత్తును విడివిడి స్పందనములుగా పంపును. మొదట కొన్ని, తరువాత కొన్ని. టెలిఫోను డయలు త్రిప్పినప్పుడు వెడలు స్పందనములవంటివే. మూలనున్న పెట్టె వానిని లెక్కించి ఏ పాట కావలెనో గ్రహించి వరుసలో చేర్చుకొనును. మానవుడు కూర్చున్నచోటునుండి లేవకుండ, చూడకుండ, ఒక యంత్రమునకు సంకేతరూపమున ‘ఈ పాట వేయుము’ అని ఆజ్ఞాపించెనన్నమాట.

అంతకు పూర్వమే సియాటిల్ నగరమున కెన్నెత్ షైవర్స్ వేరొక దారి త్రొక్కియుండెను. 1939లో అతడు నెలకొల్పిన మల్టీఫోనులలో బల్లమీది పేటికకు, నగరమధ్యమున నున్న స్టూడియోకు టెలిఫోను తీగ యుండెడిది. నాణెము వేసి పాట పేరు చెప్పగా, అచటి స్త్రీ యొకతె రికార్డు తీసి వేయును. తీగవెంట పాట హోటలుకు వచ్చును. పెట్టెలో పట్టినన్ని పాటలే గాక, స్టూడియో అలమారాలలో నున్న పాటలన్నియు ప్రతి బల్లకును అందుబాటైనవి. ఇరువదియేండ్లు ఇది నడచి, 1959లో నిలిచిపోయినది. సంగీతము ఒక చోట, ఆజ్ఞ వేరొక చోట, వినికిడి మరియొక చోట: ఈ మూడింటిని విడదీసిన ఘనత షైవర్స్‌కు, పేరు మిగులని ఆ స్త్రీలకు చెందవలెను.

ఆ స్త్రీల స్థానమున అదృశ్య సేవకుని నిలుపుటయే కంప్యూటరు చేసినపని. 1963 ప్రాంతమున మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున కంప్యూటరు శాస్త్రజ్ఞులు, ఎవరును పిలువకున్నను తెరవెనుక పనిచేయుచుండు ప్రోగ్రాములకు ‘డీమన్’ అని పేరిడిరి. భౌతికశాస్త్రమున మాక్స్‌వెల్ ఊహించిన అణువుల కావలివాని పేరది. మన విక్రమార్కునికి భేతాళు డెట్లో యంత్రమునకు ఇది అట్లు: కంటికి కానరాడు, పిలిచిన పలుకును. 1969లో బెల్ ప్రయోగశాలలయందు పుట్టిన యూనిక్స్ పద్ధతిలో ఇట్టి సేవకులకును, టైపుచేసిన మాటలతో ఆజ్ఞ లిచ్చు పద్ధతికిని పెద్దపీట దక్కినది. 1995లో ఎం.పి.3 అను పేరు స్థిరపడి, పాట తన పరిమాణమున సుమారు పదవవంతునకు కుదించుకొని ఫైలుగా మారినపిమ్మట, అలమారా రికార్డులు ఒక కంప్యూటరులో నిమిడినవి.

2003లో మ్యూజిక్ ప్లేయర్ డీమన్, క్లుప్తముగా ఎం.పి.డి., వెలువడినది. పాటలున్న కంప్యూటరులో ఇది కూర్చుండి 6600 అను సంఖ్యగల ద్వారముకడ చెవియొగ్గి యుండును. ఇంటిలోని ఏ యితర కంప్యూటరునుండియైనను దానికి మాట పంపవచ్చును. ఆ మాటలు సాధారణ ఇంగ్లీషు పదములే: ‘ప్లే’ అనిన పాడును, ‘పాజ్’ అనిన ఆగును, ‘నెక్స్ట్’ అనిన తరువాతి పాటకు పోవును, ‘యాడ్’ అని పాట పేరు చెప్పిన వరుసలో చేర్చుకొనును. ఆజ్ఞ నెరవేరినచో ‘ఓకే’ అని, పొరపాటున్నచో ‘ఏక్’ అని కారణముతో బదులిచ్చును. ఎం.పి.సి. అను చిన్న ప్రోగ్రాము ఈ సంభాషణను ఇంకను సులువు చేసినది. కమాండు లైనున ఎం.పి.సి. అని వ్రాసి ప్రక్కన ఒక్క పదము చేర్చిన చాలును. ఊరక ఎం.పి.సి. అన్నచో ఇప్పుడేమి మ్రోగుచున్నదో చెప్పును.

బొమ్మలు, బొత్తాములు ఉండగా ఈ వ్రాత లెందుకని కొందరడుగుదురు. బొత్తామును మనుష్యుడే నొక్కవలెను. వ్రాసిన ఆజ్ఞను మరియొక ప్రోగ్రాము కూడ పలుకగలదు. ఉదయము ఐదుగంటలకు సుప్రభాతము మ్రోగవలెనన్న, వేళకు పనులు చేయించు ‘క్రాన్’ అను వేరొక సేవకునికి ఒక్క వరుస వ్రాసి యుంచిన చాలును. ఇంటివారు నిద్ర లేవనక్కరలేదు. అంతేగాక ఆజ్ఞ ఇచ్చిన కంప్యూటరును ఆర్పివేసినను పాట ఆగదు. వరుస యంతయు సేవకునియొద్దనే యుండును గాని అడిగినవానియొద్ద కాదు. పేటికను గోడనుండి ఊడదీసినను పెట్టె పాడుచునే యుండునన్నమాట.

కాని నాణెము పోయినది! నాణెము దురాశాపరునిదైనను, అది ఒక న్యాయము, వరుసను కాపాడెను. ఇప్పుడు ద్వారము తెరచియున్నచో ఎవడైనను ‘నెక్స్ట్’ అని పరుని పాటను నడుమ త్రుంచవచ్చును, ‘క్లియర్’ అని పదిమంది కోరికలను ఒక్కమారు తుడిచివేయవచ్చును. పాటపెట్టెను పంచుకొను విద్యార్థి వసతిగృహములలోను, కార్యాలయములలోను పాత తగవు కొత్తగా మొదలగుట కిది చాలును. ఎం.పి.డి. నిర్మాతలు దీని నెరుగుదురు. సంకేతపదములనుబట్టి అధికారమును విభజించిరి: చూచుట, చేర్చుట, నడపుట, పాలించుట. ఒకనికి చూచుటకును చేర్చుటకును మాత్రమే అనుమతి నీయవచ్చును; వాడు తన పాటను వరుస చివర చేర్చగలడు గాని ఇతరుల పాటను ఆపలేడు. నాణెపు న్యాయమంతయు ఈ చిన్న భేదములో నున్నది. అయితే ఏ సంకేతపదమును పెట్టకున్నచో అందరికి అన్ని అధికారములు నుండును. పెట్టినను అది తీగవెంట మరుగులేకుండ పోవును గనుక, వివేకులు ఈ ద్వారమును ఇంటి గోడలు దాటనీయరు.

మరియొక చిక్కుండెను. వరుసను ఎవరు మార్చిరో తెలిసికొనుటకు ప్రతివాడును క్షణక్షణము ‘ఏమైనది, ఏమైనది’ అని అడుగుచుండవలెను. 2008లో ‘ఐడిల్’ అను ఆజ్ఞ చేరి ఈ రభసను తగ్గించినది. ఆ మాట పంపినవాడు ఇక అడుగనక్కరలేదు. పాట మారినప్పుడో, వరుసలో ఎవరైనను చేయిపెట్టినప్పుడో సేవకుడే పలుకరించును. అంతవరకు తీగ కిరువైపులవారును ఊరకుందురు, పాట మాత్రము సాగుచుండును.