వేలంలో మిగిలిన సొమ్ము బకాయిదారుదే

అనంతపురం: పన్ను బకాయి కింద భూమి వేలానికి వెళితే అంతటితో సర్వం పోయినట్లేనని భావించే కుటుంబాలు పల్లెల్లో నేటికీ ఉన్నాయి. బకాయికి మించి ధర పలికినా ఆ అదనపు మొత్తం సర్కారు ఖజానాకే చెందుతుందని వారి నమ్మకం. చట్టం అలా చెప్పడం లేదు. రెవెన్యూ రికవరీ చట్టం, 1864లోని 42వ సెక్షన్ ప్రకారం బకాయి, దానిపై వడ్డీ, జప్తు, వేలం ఖర్చులు మినహాయించుకోగా మిగిలిన సొమ్మును బకాయిదారుకు చెల్లించవలసిందే. అధికార పరిధి గల న్యాయస్థానం నిషేధపు ఉత్తర్వు ఇచ్చిన సందర్భం ఒక్కటే దీనికి మినహాయింపు.

ఉదాహరణకు ఒక రైతు బకాయి వడ్డీతో కలిపి రూ.60 వేలు, జప్తు, వేలం ఖర్చులు రూ.4 వేలు అనుకుందాం. భూమి రూ.3.50 లక్షలకు అమ్ముడుపోతే అందులో ప్రభుత్వానికి చేరవలసినది రూ.64 వేలు మాత్రమే. మిగిలిన రూ.2.86 లక్షలు రైతువి. పట్నానికి వలసపోయిన కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు.

మద్రాసు నాటి చట్టం

1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్త మండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు అనంతపురం కేంద్రంగా పరిపాలన సాగించారు. మధ్యలో జమీందారు లేకుండా రైతు నేరుగా సర్కారుకే శిస్తు చెల్లించే రైత్వారీ పద్ధతి ఇక్కడ వేళ్లూనుకున్నది అప్పుడే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షం కురిసే ఈ మెట్ట సీమలో వాన తప్పితే పంట లేదు, పంట లేకపోతే శిస్తు లేదు. శిస్తుకు పూచీ భూమే. 1864లో మద్రాసు ప్రెసిడెన్సీ చేసిన రికవరీ చట్టమే అనంతరం ఆంధ్రప్రదేశ్ చట్టంగా కొనసాగుతోంది. శిస్తు ప్రాధాన్యం తగ్గినప్పటికీ, ప్రభుత్వానికి రావలసిన ఇతర మొత్తాలను కూడా శిస్తు బకాయిల వలెనే వసూలు చేసేందుకు 52వ సెక్షన్ వీలు కల్పిస్తున్నందున ఆ చట్టానికి పని తగ్గలేదు.

పాత చట్టమని తేలికగా తీసుకోరాదు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో 94 ఏళ్ల వృద్ధురాలి ఇంటిని సుమారు 15 వేల డాలర్ల పన్ను, వడ్డీ, జరిమానాల కింద అక్కడి కౌంటీ స్వాధీనం చేసుకొని 40 వేల డాలర్లకు విక్రయించింది. మిగిలిన 25 వేల డాలర్లను తానే ఉంచుకున్నది. అది రాజ్యాంగ విరుద్ధమని ఆ దేశ సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది 2023 మే 25న. ఆ మాట మన దస్త్రాలలో 159 ఏళ్ల ముందే ఉంది.

వేలానికి ముందు, తరువాత

మిగులు గురించి ఆలోచించే ముందు భూమినే కాపాడుకునే మార్గాలు చూడాలి. వేలం తేదీకి కనీసం నెల రోజుల ముందు ప్రకటన అతికించాలని 36వ సెక్షన్ నిర్దేశిస్తోంది. వేలానికి ముందు రోజు సూర్యాస్తమయంలోగా మొత్తం బకాయి, వడ్డీ, ఖర్చులు చెల్లిస్తే వేలం నిలిచిపోతుంది. బకాయి తీరడానికి ఎంత భూమి అవసరమో, సాధ్యమైనంత వరకు అంతకు మించి అమ్మరాదని 44వ సెక్షన్ చెబుతోంది. పదెకరాల కమతంలో రెండెకరాలతో బకాయి తీరేటట్లయితే ఆ సంగతిని ముందుగానే రాతపూర్వకంగా అధికారుల దృష్టికి తేవాలి.

వేలం ముగిసినా 30 రోజుల వ్యవధి ఉంటుంది. పాటదారు చెల్లించే ధరలో 5 శాతం, దానితోపాటు బకాయి, వడ్డీ, ఖర్చులు డిపాజిట్ చేసి వేలం రద్దు కోరవచ్చు. పై ఉదాహరణలో ఈ మొత్తం రూ.81,500 అవుతుంది. ప్రకటనలో గాని, నిర్వహణలో గాని తీవ్రమైన లోపం, పొరపాటు, మోసం జరిగి దానివల్ల నష్టం కలిగితే అదే 30 రోజులలో 38వ సెక్షన్ కింద కలెక్టరుకు అర్జీ పెట్టుకోవచ్చు. పాటదారు 15 శాతం సొమ్మును వేలం నాడే కట్టి, మిగిలినది 30 రోజుల్లో చెల్లించాలి. కనుక మిగులు చేతికందేది ఆ తరువాతే.

తనఖా ఉంటే

ఇక్కడే చిక్కు వస్తుంది. శిస్తు బకాయికి అమ్మిన భూమి తనఖాలు, ఇతర భారాలు లేకుండా కొనుగోలుదారుకు దఖలు పడుతుంది. మరి అప్పిచ్చినవారి సంగతేమిటి? ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 73వ సెక్షన్ ప్రకారం తనఖాదారు తన బాకీని వేలం మిగులు నుంచి కోరవచ్చు. అంటే భూమిపై ఉన్న హక్కు సొమ్ము మీదికి మారుతుంది. బ్యాంకులో కుదువ ఉన్న భూమి అయితే మిగులంతా తమకే వస్తుందని ఆశించరాదు. భూమి శిస్తుకున్న ఈ ప్రాధాన్యం ఇతర బకాయిలకు కూడా అదే విధంగా ఉంటుందని భావించరాదు. అటువంటి వేలాలలో న్యాయవాది సలహా తప్పనిసరి.

అర్జీ ఎలా?

సొమ్మును ఇంటికి తెచ్చి ఇస్తారని ఎదురుచూడటం సరికాదు. వేలం నిర్వహించిన తహసీల్దారు లేదా ఆర్డీఓ కార్యాలయానికి అర్జీ సమర్పించి రసీదు పొందాలి. వేలం తేదీ, సర్వే నంబరు, విస్తీర్ణం, ధర పేర్కొని, ఖాతా లెక్క నకలు కోరాలి. ఏయే ఖర్చుల కింద ఎంత మినహాయించారో ఆ లెక్కలోనే తెలుస్తుంది. నకలు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తు చేయవచ్చు. కొన్నేళ్ల కిందటి వేలమైతే కదిరి, పెనుకొండ, మడకశిర ప్రాంతాల వారు పుట్టపర్తితోపాటు అనంతపురం కలెక్టరేట్‌లోనూ విచారించడం మేలు. శ్రీ సత్యసాయి జిల్లా విడివడినది 2022 ఏప్రిల్ 4న.

తాత పేరిట పట్టా ఉండి, మనుమలు బెంగళూరులో కూలికి పోయిన కుటుంబాలు ఈ జిల్లాకు కొత్త కాదు. పట్టాదారు మరణించి ఉంటే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జతచేయాలి. వారసుల మధ్య తగాదా ఉంటే సివిల్ కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ తెమ్మనే అవకాశం ఉంది. డబ్బు ఇప్పిస్తామని వచ్చే మధ్యవర్తులకు తెల్లకాగితాలపై సంతకాలు చేయరాదు.

ఇంటి పన్ను విషయంలో పురపాలక, పంచాయతీ చట్టాలు వేరు. జప్తు చేసిన సామాను అమ్మగా మిగిలిన సొమ్మును ఎప్పటిలోగా కోరాలో నోటీసు అందిన వెంటనే కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

రికవరీ చట్టం కింద జరిగిన చర్యలపై సివిల్ కోర్టులో దావా వేయడానికి 59వ సెక్షన్ ఇస్తున్న గడువు ఆరు నెలలే. ఫీజు భరించలేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టంలోని 12వ సెక్షన్‌లో అర్హుల జాబితాలో కరవు బాధితులు కూడా ఉన్నారు. అర్జీలో ఆ మాట విధిగా రాయాలి.