గిద్దలూరు చేతిగొడ్డలి, కొరియా విందు

నల్లమల చుట్టుపక్కల ఏరిన రాతి పనిముట్లను ఆధారం చేసుకుని ఎల్.ఎ. కమియాడ్, ఎం.సి. బర్కిట్ 1930లో ‘యాంటిక్విటీ’ పత్రికలో ఒక వ్యాసం రాశారు. దక్షిణ భారత రాతియుగాన్ని వరస కట్టి చూపిన తొలి ప్రయత్నాల్లో అదొకటి. 1952లో కె.వి. సౌందరరాజన్ గిద్దలూరు పరిసరాల రాతియుగం మీదే విడిగా రాశారు. గిద్దలూరు అప్పుడింకా కర్నూలు జిల్లాలోనే ఉంది.

ఆ పనిముట్లలో ఉన్న పాత రాతియుగపు చేతిగొడ్డళ్ల లాంటివి ఆఫ్రికా, ఐరోపా, పశ్చిమాసియా, భారతదేశాల్లోనే దొరుకుతాయనీ, తూర్పు ఆసియాలో ఉండవనీ పురావస్తు శాస్త్రవేత్త హాలం మోవియస్ 1940లలో తేల్చాడు. 1978లో కొరియాలోని హంతాన్ నది ఒడ్డున, జొంగోక్-రి దగ్గర, గ్రెగ్ బోవెన్ అనే అమెరికా సైనికుడికి అలాంటి గొడ్డళ్లే కనబడ్డాయి. అంతటితో మోవియస్ గీసిన ఆ హద్దు గీత చెదిరింది. ఇప్పుడక్కడ ఏటా రాతియుగ పండుగ చేస్తారు. జనం మాంసాన్ని పుల్లలకు గుచ్చి నిప్పుల మీద కాల్చుకు తింటారు.

రాతియుగపు తిండిని అనుసరించే పాలియో పద్ధతిలో కొరియా విందు పెట్టాలనుకునేవాళ్లు ఆ నిప్పుల దగ్గరే మొదలుపెట్టాలి. ధాన్యం, పప్పు, పాలు, పంచదార ఆ పద్ధతికి పడవు. కాబట్టి అన్నం ఉండదు, సోయా సాస్ ఉండదు; బియ్యం, సోయా కలిసిన గోచుజాంగ్ కారమూ ఉండదు. అయినా విందుకు లోటేమీ రాదు. పంది మాంసాన్ని పలచగా కోసి, ఏమీ పట్టించకుండా కాల్చి, ఉప్పు కలిపిన నువ్వుల నూనెలో అద్దుకు తినడం కొరియావాళ్లకు అలవాటే. లెట్యూస్ ఆకులో మాంసం, వెల్లుల్లి, పచ్చిమిరప ముక్క పెట్టి, చుట్టి, ఒక్క ముద్దగా తింటారు. పక్కన బియ్యప్పిండి జావ కలపని కిమ్చీ అనే ఊరవేసిన కూర, సముద్రపు నాచు పులుసు చాలు.

మాంసమొక్కటే రాతియుగపు తిండి అనుకోవడం మాత్రం పొరపాటు. దక్షిణాఫ్రికాలోని బోర్డర్ గుహలో 1,70,000 ఏళ్ల నాడు కాల్చిన దుంపలు దొరికాయని 2020లో ప్రకటించారు. అంత దూరం ఎందుకు, త్రిపురాంతకం దాటి దోర్నాల వైపు వెళ్తే చెంచుల అడవే. వాళ్ల తిండిలో వేటతో పాటు తవ్వి తెచ్చిన గడ్డలు, తేనె ఎంత ముఖ్యమో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ చెంచుల మీద రాసిన 1943 నాటి పుస్తకంలో వివరంగా ఉంది. అందుకే ఈ విందులో కాల్చిన కందగడ్డో పెండలమో ఉండి తీరాలంటాను.

మిరప సంగతి అంటారా? పోర్చుగీసు ఓడలు అమెరికా నుంచి తెచ్చేదాకా మనకూ తెలియదు, కొరియాకూ తెలియదు. అయినా దాన్ని తీసేయమని నేను చెప్పను. మిరప లేని కిమ్చీని మన గిద్దలూరు వైపు అతిథులు రెండోసారి అడగరు.